ఆక్సిజన్ మిషను మీద రెండో గీత

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. మా మామయ్యగారికి 69 ఏళ్లు. చాలా ఏళ్లు రైసు మిల్లులో పనిచేశారు, చుట్ట అలవాటు కూడా ఉండేది. అది మానేసి రెండేళ్లయింది. పోయిన నెల ఆయాసం ఎక్కువై కాకినాడ తీసుకువెళితే సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకై ఊపిరితిత్తులు పాడయ్యే దీర్ఘకాలపు ఆయాసం జబ్బు) అని చెప్పి, పది రోజులు ఉంచి పంపించారు. ఇంటి దగ్గర ఆక్సిజన్ మిషను పెట్టి నిమిషానికి రెండు లీటర్లు ఇవ్వమన్నారు. స్పేసరుతో (మందు డబ్బాకు తగిలించే ప్లాస్టిక్ గొట్టంతో) పీల్చే మందులు రాశారు. రాత్రిపూట ఆయాసం వస్తే మా వారు భయపడి మిషనును ఐదుకు పెంచుతున్నారు. అప్పుడు వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే మీటరులో 98 చూపిస్తోంది, ఆయన కూడా నిద్రపోతున్నారు. కాని ఉదయం ఎనిమిదైనా లేవడం లేదు, లేచాక తలనొప్పి అంటున్నారు, మాట కాస్త తడబడుతోంది. ఆక్సిజన్ అలవాటైపోతే ఇక మానలేరని అత్తయ్యగారి బెంగ. చుట్టాలు వచ్చి ఫ్యాను వేయవద్దని, అరటిపండు, పెరుగు పెట్టవద్దని చెబుతున్నారు. కరెంటు పోతే ఏం చేయాలో తెలియడం లేదు. మృగశిర కార్తెకు హైదరాబాదులో ఇచ్చే చేపమందుకు తీసుకువెళ్లమంటారా? — ఒక కోడలు, రాజోలు ప్రాంతం

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటికి జవాబు చెబుతాను. కాని ప్రశ్నగా అడగకుండా మధ్యలో చెప్పి వదిలేసిన సంగతి ఒకటుంది, ముందు దానిని తీసుకోవాలి. పొద్దెక్కినా లేవకపోవడం, లేచాక తలనొప్పి, మాట తడబడటం, ఈ మూడూ కలిసి కనిపిస్తే అది నిద్ర చాలక వచ్చిన మగత అనుకోకూడదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడు బయటికి పోక పేరుకుంటోందని అనుమానించాలి. అందుచేత మిషనును ఈ రోజే మళ్లీ రెండో గీతకు తీసుకురండి. పూర్తిగా మాత్రం ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే రక్తంలో ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం. ఆయనను చూసిన డాక్టరు గారికి రేపటిదాకా ఆగకుండా ఫోను చేసి, ఈ మూడు లక్షణాలనూ, ఎన్ని రాత్రులు ఐదు మీద పెట్టారో కూడా దాచకుండా చెప్పండి. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే వాయువుల పరీక్ష మళ్లీ అవసరం కావచ్చు. ఏ పూటైనా పిలిచినా, భుజం తట్టినా సరిగా మేలుకోకపోతే, ఇక ఎవరి సలహా కోసమూ చూడకుండా 108కి ఫోను చేయాలి.

మీ వారిని ఏమీ అనకండి. ఆయన చేసిన పనే, తెల్ల యూనిఫాం వేసుకుని, నేనూ ఒకసారి చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నైట్ డ్యూటీలో, ఇలాంటి ఆయాసంతోనే ఉన్న ఒక పెద్దాయనకు మాస్కు పెట్టి సిలిండరు బాగా తిప్పి ఉంచాను. అరగంటలో రొప్పు తగ్గింది, పెదవులకు రంగు వచ్చింది, ఆయన పడుకున్నాడు. వార్డు ప్రశాంతంగా ఉందని నేనూ ఊపిరి పీల్చుకున్నాను. తెల్లవారుజామున జ్వరం చూద్దామని లేపితే లేవలేదు. చెయ్యి ఎత్తి వదిలితే దిండు మీద అలాగే పడిపోయింది. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి ఆక్సిజన్ తగ్గించి, శ్వాసకు సాయం పెట్టాక సాయంత్రానికి తెలివి వచ్చింది. ఆయన బతికాడు కాబట్టి ఈ సంగతి ఈ రోజు రాయగలుగుతున్నాను. ఆయాసం రోగి నిమ్మళించినట్టు కనిపించడానికీ, మగతలోకి జారిపోవడానికీ చూపులకు తేడా చాలా తక్కువని ఆ రాత్రి తెలిసింది.

ఇది ఎందుకు జరుగుతుందో డెల్టాలో ఉండే మీకు తూము ఉదాహరణతో చెప్పడం తేలిక. ఎంత నీరు పెట్టినా పండని చేను ఒకటి ఉంటే, కాలువ నీటిని చూసే లస్కరు దాని తూము బిగించి ఆ నీటిని పండే చేలవైపు మళ్లిస్తాడు. ఊపిరితిత్తుల్లోనూ అదే ఏర్పాటు ఉంది. చుట్టపొగతో, ఊకదుమ్ముతో పాడై గాలి సరిగా ఆడని భాగాలకు వెళ్లే రక్తనాళాలను శరీరం తనంతట తానే బిగించి, రక్తాన్ని గాలి ఆడే భాగాలకు పంపుతుంది. మనం బయటినుంచి ఆక్సిజన్ మరీ ఎక్కువగా ఇస్తే ఆ బిగించిన తూములన్నీ తెరుచుకుంటాయి. రక్తం గాలి ఆడని చోటికి వెళ్లి, తన కార్బన్ డయాక్సైడును వదలకుండానే తిరిగి వస్తుంది. దీనికి తోడు ఆక్సిజన్ నిండుగా పట్టిన రక్తం కార్బన్ డయాక్సైడును మోయగల శక్తిని కొంత కోల్పోతుంది, శ్వాస తీసుకోవాలన్న ప్రేరణ కూడా కొంత మందగిస్తుంది. వేలి మీటరుకు ఇదంతా తెలియదు. అది ఆక్సిజన్ ఒక్కదానినే చూస్తుంది కాబట్టి లోపల విషం పేరుకుంటున్నా 98 అని చూపిస్తుంది, మనం సంతోషిస్తాం.

కార్బన్ డయాక్సైడు నిలిచే ప్రమాదం ఉన్న సీఓపీడీ రోగులకు మీటరు మీద ఉండవలసిన అంకె 88 నుంచి 92 మధ్య. మీ మామయ్యగారికి 90 వస్తే అది తక్కువ కాదు, సరిగ్గా ఉండవలసిన చోట ఉన్నట్టు. మనకు 98 ఉంటుంది కదా, ఆయనకూ ఉండాలి కదా అనే పోలిక ఇక్కడ పనికిరాదు. 2010లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో జరిగిన అధ్యయనంలో, అంబులెన్సులోనే ఈ హద్దులో ఆక్సిజన్ ఇచ్చిన సీఓపీడీ రోగులలో మరణాలు, ధారాళంగా ఇచ్చినవారికంటే బాగా తక్కువగా కనిపించాయి. ఆయనకు ప్రత్యేకించి ఏ హద్దు ఉండాలో మీ డాక్టరు గారి చేత డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. మీటరు చూసేటప్పుడు చెయ్యి వెచ్చగా ఉండాలి, వేలికి ముదురు గోరింటాకు ఉండకూడదు, అంకె నిలకడగా నిలిచేదాకా ఒక నిమిషం ఓపిక పట్టాలి. పెట్టగానే కనిపించిన 84ను చూసి మిషను వైపు పరుగెత్తినవాళ్లు చాలామంది ఉన్నారు.

మరి రాత్రి ఆయాసం వస్తే చేతులు కట్టుకుని కూర్చోవాలా అని మీ వారు అడుగుతారు. కూర్చోనక్కరలేదు, మిషనును ముట్టుకోకుండా చేయవలసిన పని చాలా ఉంది. మొదట గొట్టం చూడండి: మంచం కోడు కింద నలిగిందా, ముక్కులోంచి జారి చెంప మీదికి వచ్చిందా, తేమ సీసా మూత వదులై గాలి అక్కడే పోతోందా. ముక్కులో పెట్టే కొనలను ఒక గ్లాసు నీళ్లలో ముంచితే బుడగలు రావాలి. రాకపోతే తప్పు రోగిలో లేదు, గొట్టంలో ఉంది. మిషనులోని తెల్ల గోళీ మధ్యభాగం రెండో గీత మీద ఉండాలి, గోళీ పైఅంచు కాదు.

తరువాత ఆయనను కూర్చోబెట్టడం. ఆయాసం మనిషిని వెల్లకిలా పడుకోనివ్వకూడదని అందరికీ తెలుసు, కాని చాలా ఇళ్లలో ఆయనను తీసుకువెళ్లి వరండాలోని పడకకుర్చీలో వేస్తారు. పడకకుర్చీ ఆరోగ్యవంతుడి మధ్యాహ్నపు కునుకుకు మంచిదే గాని, దాని గుడ్డలో మనిషి కుంగిపోయి పొట్ట మడతపడి, ఊపిరితిత్తుల అడుగున ఉండి, గాలి పీల్చేటప్పుడు కిందికి దిగవలసిన కండరానికి చోటు లేకుండా పోతుంది. చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ముందు భోజనాల బల్లో, మరో కుర్చీ వీపో పెట్టి, దాని మీద రెండు దిండ్లు వేసి, మోచేతులు ఆనించి ముందుకు వాలమనండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. అంగీ గుండీలు, పంచె ముడి వదులు చేయండి. భుజాలు కిందికి దిగాయో లేదో మీ అరచేతులు వాటి మీద మెల్లగా వేసి చూడండి. డొక్కలెగరేస్తున్న మనిషి భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, మీ చేతి బరువుకు అవి దిగడం మీకే తెలుస్తుంది.

అప్పుడు విసనకర్ర తీయండి. ఫ్యాను వేయవద్దన్న చుట్టాలకు ఇదే నా జవాబు. ముఖానికి, ముఖ్యంగా ముక్కు, చెంపల దగ్గర, చల్లగాలి తగిలితే ఊపిరి ఆడడం లేదన్న భావన తగ్గుతుందని పరిశీలనల్లో తేలింది. తాటాకు విసనకర్రతో జానెడు దూరం నుంచి నెమ్మదిగా విసరండి, లేదా బల్ల ఫ్యాను తక్కువ వేగంలో పెట్టండి. కిటికీలన్నీ బిగించిన గదిలో పదిమంది చుట్టూ నిలబడి ఉంటే ఆయాసం లేనివాడికి కూడా వస్తుంది.

విసురుతూనే ఊపిరి నేర్పాలి. ముక్కుతో ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు పీల్చమనండి. వేడి పాలు ఊదుతున్నట్టు పెదవులు ముందుకు చాపి, నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలమనండి. ఈ జబ్బులో కష్టం గాలి లోపలికి పోవడంలో కంటే బయటికి రావడంలో ఎక్కువ. సన్నని గాలిగొట్టాలు ముందే మూసుకుపోయి పాతగాలి లోపల చిక్కుకుంటుంది, ఇలా ఊదితే అవి మరికాసేపు తెరిచి ఉంటాయి. ఆయాసం వచ్చినప్పుడు కొత్తగా చెబితే ఎవరూ నేర్చుకోలేరు. రోజూ పగటిపూట, ఆయన నిమ్మళంగా ఉన్నప్పుడు, ఐదు నిమిషాలు మీరూ ఎదురుగా కూర్చుని కలిసి చేయండి. రాత్రి అవసరమైనప్పుడు మాటలతో పని లేకుండా మీ ముఖం చూసి చేస్తారు.

ఆయాసానికి వెంటనే పనిచేసే మందు ఇవ్వడం కూడా ఇక్కడే. రెండు రకాల పీల్చే మందులు ఉంటాయి: ఒకటి రోజూ క్రమం తప్పకుండా వాడవలసినది, రెండోది అవసరానికి వాడేది. రెండిటి రంగులూ ఆయనకే కాదు, ఇంట్లో అందరికీ తెలియాలి. డబ్బా బాగా కుదిపి, స్పేసరుకు తగిలించి, ముందు గాలి వదలమని, పెదవులు బిగించాక ఒక్కసారే నొక్కి, నాలుగైదు సెకన్లపాటు నెమ్మదిగా పీల్చమనాలి. పది సెకన్లు, లేదా ఓపినంతసేపు, బిగబట్టి వదలాలి. రెండో మోతాదుకు అర నిమిషం ఆగి డబ్బాను మళ్లీ కుదపాలి. రెండు సార్లు వరుసగా నొక్కి ఒకేసారి పీల్పించడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. అందులో సగం మందు స్పేసరు గోడలకే అంటుకుంటుంది. స్పేసరును సబ్బునీళ్లలో ముంచి తీసి గాలికి ఆరనివ్వాలి గాని, గుడ్డపెట్టి తుడవకూడదు. తుడిస్తే ప్లాస్టిక్కు స్థిరవిద్యుత్తు పుట్టి మందును లాక్కుంటుంది. స్టెరాయిడ్ ఉన్న మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మకపోతే నాలుక మీద తెల్లపూత పడుతుంది.

ఇంత చేశాక పదిహేను, ఇరవై నిమిషాల్లో తెరిపి రావాలి. ఈలోగా ఆయనకు చెప్పకుండా, చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు నటిస్తూ, పొట్ట లేచిపడటాన్ని గడియారం పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. చెబితే మనిషి ఊపిరి మార్చేస్తాడు. నిమిషానికి 25 దాటి తగ్గకపోతే, రెండు లీటర్ల మీద ఉన్నా మీటరు 88కి దిగువనే నిలిచిపోతే, ఒక వాక్యం పూర్తిచేయలేక మాట మాటకీ ఆగుతుంటే, పెదవులు నీలంగా మారితే, లేదా ఇందాక చెప్పిన మగత కనిపిస్తే 108కి చేయండి. ఆయాసంతో కొట్టుకుంటున్న మనిషి ఉన్నట్టుండి మౌనమైపోవడం వీటన్నిటిలోకీ చెడ్డది. ఆ సమయంలో ఊళ్లో దొరికే స్టెరాయిడ్ ఇంజెక్షనుతో సరిపెట్టుకుని తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. కఫం పచ్చగా మారి ఎక్కువైనా, పాదాలకు కొత్తగా వాపు వచ్చినా అదే రోజు డాక్టరు గారికి చూపించాలి.

అత్తయ్యగారి బెంగకు వస్తాను. ఆక్సిజన్ చుట్టలాగా అలవాటయ్యే వస్తువు కాదు. ఆయన ఊపిరితిత్తులు తమంతట తాము తెచ్చుకోలేని దానిని బయటినుంచి ఇస్తున్నాం, అంతే. కొందరికి ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తే దాని అవసరమే ఉండకపోవచ్చు, కాబట్టి ఆ పరీక్ష తప్పకుండా చేయించండి. అవసరం ఉన్నంతకాలం మాత్రం ఆయాసం వచ్చినప్పుడు గంట, రెండు గంటలు పెట్టి తీసేయడం వల్ల లాభం లేదు. 1980, 1981లలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వెలువడిన రెండు పరిశోధనలలో, రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన ఇలాంటి రోగులు రోజుకు కనీసం పదిహేను గంటలు పెట్టుకుంటేనే ఆయుష్షు పెరుగుతుందని తేలింది. నిద్రలోనూ, అన్నం తింటున్నప్పుడూ, స్నానం చేస్తున్నప్పుడూ ఉంచితే ఆ గంటలు వాటంతటవే నిండుతాయి. స్నానానికి పీట వద్దు, ప్లాస్టిక్ కుర్చీ వేయండి. చెవుల వెనుక గొట్టం ఒరిసే చోట మెత్తని గుడ్డ చుట్టండి.

ముక్కు ఎండిపోతోందని కొబ్బరినూనె రాయడం మాత్రం మన కోనసీమ ఇళ్లలో అందరూ చేసే పని, అది చేయవద్దు. ఆక్సిజన్ ఉన్నచోట నూనెకు నిప్పు సులభంగా అంటుకుంటుంది, పైగా రోజూ పీలుస్తూ ఉంటే ఊపిరితిత్తుల్లోకి దిగి మరో రకం జబ్బు తెస్తుంది. నీటితో తయారైన జెల్ అడిగి తెచ్చుకోండి. తేమ సీసాలో కాచి చల్లార్చిన నీరు, లేదా డిస్టిల్డ్ వాటరు, రోజూ మార్చాలి. దేవుడి దీపం, అగరుబత్తీ, హారతి కర్పూరం ఆ గదిలో ఉండకూడదు. పది అడుగుల దూరంలో, మరో గదిలో పెట్టుకోవాలి. అత్తయ్యగారు నొచ్చుకుంటారని తెలుసు, అయినా ఈ ఒక్క విషయంలో మీరు మెత్తబడవద్దు. చూడవచ్చినవాళ్లు చుట్ట వెలిగించుకుంటే అరుగు మీద కూడా కాదు, వీధిలోకి పంపండి.

కరెంటు సంగతి. ఐదు లీటర్ల మిషను సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. ఒక్క బ్యాటరీ ఇన్వర్టరు మీద, ఫ్యాన్లు, లైట్లు ఆపినా, మూడు నాలుగు గంటలకు మించి నడవదు. అందుకని బి టైపు సిలిండరు ఒకటి రెగ్యులేటరుతో సహా ఇంట్లో ఉండాలి. నిండుదానిలో సుమారు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. దానిని గోడకు గొలుసుతో కట్టి నిలబెట్టండి, తెరవడం మీ వారితోబాటు మీరూ నేర్చుకోండి. 1996 నవంబరు తుపానప్పుడు కోనసీమ ఎన్ని రోజులు చీకట్లో ఉందో అత్తయ్యగారికి గుర్తుండే ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, లేదా మీది లంక గ్రామమైతే గోదావరికి వరద వస్తోందన్నప్పుడు, నీళ్లు దారి మీదికి రాకముందే ఆయనను పట్టణంలోని బంధువుల ఇంటికి చేర్చడం మంచిది. పడవలో సిలిండరు ఎక్కించే పని ఎవరికీ రాకూడదు.

పొగ గురించి రెండు మాటలు. కొబ్బరి మట్టలతో నీళ్లు కాచే పొయ్యి ఇంటి వెనుక ఉంటే దానిని ఆపి గ్యాసు మీద కాచండి. దాళ్వా కోతల తరువాత గడ్డి తగలబెట్టే రోజుల్లో, భోగినాటి తెల్లవారుజామున, ఆ వైపు కిటికీలు మూసి ఆయనను లోపలి గదిలో ఉంచండి. కిటికీలు మూయవలసింది అప్పుడు, మిగతా రోజుల్లో కాదు.

అరటిపండు, పెరుగు వల్ల ఈ జబ్బు పెరగదు. ఆయనకు పడితే నిరభ్యంతరంగా పెట్టండి. ఈ రోగులలో నేను చూసే అసలు కష్టం ఒళ్లు తీసిపోవడం. కడుపు నిండా ఒకేసారి అన్నం పెడితే పొట్ట ఉబ్బి ఊపిరి ఆడదు కనుక, కొంచెం కొంచెంగా ఐదారు సార్లు, గుడ్డు, చేప, పప్పు తగలేలా పెట్టండి. చేప అంటే కూరలోని చేప. మృగశిర కార్తెకు మందు కుక్కిన బతికున్న కొర్రమీను పిల్లను మింగించడం వేరు. అది ఉబ్బసాన్ని గాని, సీఓపీడీని గాని తగ్గిస్తుందనడానికి వైద్యపరమైన ఆధారం లేదు. అది నమ్మేవారిని నేను ఎగతాళి చేయను, మా పుట్టింటివారు కూడా వెళ్లారు. కాని ఊపిరికి ఊపిరికి మధ్య మింగడమే కష్టమైన మనిషికి అది గొంతుకు అడ్డుపడవచ్చు, హైదరాబాదు ప్రయాణమూ, నాంపల్లి మైదానంలో ఆ రద్దీలో గంటలకొద్దీ నిలబడటమూ ఆయన వల్ల కాదు. వద్దనే చెబుతాను. ఆ ఖర్చుతో ఫ్లూ టీకా వేయించండి, అది ఏటా వేయించవలసినది. న్యుమోనియా టీకా సంగతి కూడా డాక్టరు గారిని అడగండి. దగ్గు రెండు వారాలకు మించి ముదురుతున్నా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా పాత జబ్బే అనుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించాలి. క్షయకు ఆ పరీక్ష ఉచితం.

రాత్రి కాపలా మీరిద్దరూ వంతులు వేసుకోండి. రోజూ మీరే మేలుకుంటే పదో రోజున మీటరులోని అంకె మీకు సరిగా కనిపించదు.

ఇక ఈ సాయంత్రమే చేయవలసిన పని ఒకటి. మిషను మీద రెండో గీత దగ్గర ఎర్ర టేపు అంటించండి. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఆయన పేరు, వయసు, "సీఓపీడీ, ఆక్సిజన్ 2 లీటర్లు, మీటరు 88–92 మధ్య ఉండాలి, అంతకుమించి పెంచవద్దు" అని, కింద డాక్టరు గారి ఫోను నంబరు రాసి, ఆ అంకెలు డాక్టరు గారి చేత సరిచూపించుకుని, మిషను హ్యాండిలుకు దారంతో కట్టండి. 108 వచ్చినప్పుడు కంగారులో మీరు చెప్పడం మరిచిపోయినా, ఆ అట్టను విప్పి ఆయన చొక్కా జేబులో పెట్టి పంపండి.